పావురాలవాడి సాక్ష్యం

బాగ్దాద్‌లో పావురాలు ఎగరేసేవాడి సాక్ష్యం చెల్లదు. కూరకోసం పెంచుకుంటే ఫరవాలేదు, గుడ్లకోసం పెంచుకున్నా ఎవరూ ఏమీ అనరు. మేడెక్కి ఈలవేసి ఎగరేశాడా, ఇక వాడి మాటకి విలువ లేదు. ఇది తాతలనాటి మాట. పక్కవాడి పావురం దారితప్పి తన గుంపులో కలిస్తే గుట్టుచప్పుడు కాకుండా పట్టేసి, "నా మేడమీద వాలలేదు, దేవుడిమీద ఒట్టు" అనే రకం వాళ్ళు. పైగా పొద్దస్తమానం మేడమీదే ఉంటారు కనక చుట్టుపక్కల ఇళ్ళలో ఎవరు తల ఆరబెట్టుకుంటున్నారో, ఎవరు మొగుడితో పోట్లాడుతున్నారో వాళ్ళ కంటపడక మానదు. వేసవిలో ఊరు ఊరంతా మేడలమీదే పడుకుంటుంది మరి. అలాంటివాడికి పిల్లనివ్వరు, కోర్టులో బోనెక్కనివ్వరు.

మా షవ్వాకా సందులో నాజీ అలాంటివాడు.

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసేవాడు. ఈ పిచ్చి మేనమామ దగ్గర అంటుకుంది. ఇరాన్‌తో యుద్ధానికి వెళ్ళి, ఎనిమిదేళ్ళూ నలిగి, ఒక చెవి వినికిడి పోగొట్టుకుని వచ్చాడు. వస్తూనే తల్లికి సలాం చెప్పి, ఆవిడ ఏడుపు పూర్తికాకుండానే మెట్లెక్కి గూళ్ళు చూసుకున్నాడట. ఆ తర్వాత పెళ్ళిమాటలకి వెళితే అమ్మాయి తండ్రి టీ పోసి, మర్యాద చేసి, "బాబూ, మా అమ్మాయా, నీ పావురాలా?" అని ఒక్కటే అడిగాడు. నాజీ ఆలోచించుకుని చెబుతానన్నాడు. ఆలోచించుకుంటానన్నవాడికి పిల్లనెవరిస్తారు? ఆ ఆలోచన ఇంకా పూర్తికాలేదని సందులో ఇప్పటికీ నవ్వుకుంటారు.

ఒకసారి నిజంగానే కోర్టుకి వెళ్ళాడు. చేపల వంతెన దగ్గర ఒక లారీ ముసలాయన్ని గుద్దిపోతే చూసింది నాజీ ఒక్కడే. న్యాయమూర్తి పేరడిగాడు, పనడిగాడు, ఆ తర్వాత కళ్ళజోడు సర్దుకుని, "పావురాలున్నాయా?" అన్నాడు. ఉన్నాయన్నాడు. "పెంచుతావా, ఎగరేస్తావా?" అన్నాడు. అక్కడ పెంచుతానని ఒక్క అబద్ధం ఆడి ఉంటే నిజం చెప్పే వీలు దొరికేది. ఎగరేస్తానన్నాడు. గుమాస్తా నవ్వాపుకోలేక మొహం తిప్పుకున్నాడు. నాజీ బోను దిగి ఇంటికొచ్చాడు. ఆనాటి అవమానం అతనికి ఇవాళ్టికీ కడుపులోనే ఉంది.

పాలకుడు పడిపోయిన ఆ ఏప్రిల్ తర్వాత, విదేశీ ట్యాంకులు వంతెనలమీద కాపు కాయడం మొదలుపెట్టాక, సందులో అందరికీ అందరిమీదా అనుమానం పుట్టింది. కొత్తగా పుట్టిందనడం తప్పేమో. అంతకుముందు ముప్ఫై ఏళ్ళు గొంతు తగ్గించి మాట్లాడినవాళ్ళం. గొంతు పెరిగింది కానీ అనుమానం తగ్గలేదు. హజ్జీ మహ్‌జూబ్ టీకొట్టులో సాయంత్రాలు ఇదే గోల.

"దొంగని తరిమారు, సంతోషం. తరిమినవాళ్ళు మన ఇంట్లోనే మంచం వేసుకున్నారేం?" అనేవాడు హజ్జీ. సందుకి పెద్దమనిషి ఆయన. తెల్లగడ్డం, చేతిలో జపమాల, నోట్లో ఎప్పుడూ పక్కవాడి సంగతి.

దర్జీ కామిల్‌కి ఆశ ఎక్కువ. "ఐక్యరాజ్యసమితి వాళ్ళు పూర్తిగా దిగనీ హజ్జీ. పెత్తనం వాళ్ళ చేతికొస్తే ఈ సైన్యం మూటాముల్లే సర్దుకుంటుంది."

"ఎవరూ? పదమూడేళ్ళు దిగ్బంధం పెట్టి, మన పిల్లల పెన్సిళ్ళకి కూడా లెక్కలడిగినవాళ్ళా? వాళ్ళ పుణ్యమా అని రేషన్లో వచ్చిన టీపొడి తాగి నా పేగులింకా కోలుకోలేదు."

"అయినా గుడ్డికన్నా మెల్ల నయం కాదూ?"

"మెల్లకన్నువాడితో చిక్కేంటో తెలుసా కామిల్? వాడెటు చూస్తున్నాడో మనకి తెలీదు."

కొట్టంతా నవ్వింది. నాజీ కూడా నవ్వాడు, మూలబల్ల దగ్గర కూర్చుని. అతనికి ఎప్పుడూ మూలబల్లే. అతను నవ్వేసరికి హజ్జీ ఓరచూపు చూసి ఊరుకున్నాడు.

ఎందుకంటే మే నెలలో సైనికులు నాజీ మేడ ఎక్కారు. పావురాల్ని తిప్పడానికి గడకర్రకి నల్లగుడ్డ కట్టి ఊపుతాడు కదా, అది చూసి ఎవరికో సంకేతాలిస్తున్నాడని వాళ్ళ అనుమానం. గూళ్ళన్నీ తిరగేశారు. ఒకడు పావురం కాలికున్న కడియం పీకి దాంట్లో చీటీ ఉందేమోనని చూశాడు. గడ విరిచి కిందకి విసిరేసి వెళ్ళిపోయారు. నాజీని మాత్రం తీసుకుపోలేదు.

"మేడెక్కి వట్టి చేతుల్తో దిగారట," అన్నాడు హజ్జీ ఆ సాయంత్రం, ఎవరితో అన్నట్టూ కాకుండా. "ఉత్తపుణ్యానికి వదిలేసేంత మంచివాళ్ళా వాళ్ళు?"

జూలైలో అసలు గొడవ జరిగింది. మధ్యాహ్నం నమాజు వేళ దాటింది, ఎండ మండిపోతోంది. నాజీ మేడమీద గూళ్ళకి తడిగోనెలు కప్పుతున్నాడు. పక్కమేడమీద ఉమ్ రాఫిద్ కొడుకు రాఫిద్ నీళ్ళట్యాంకు దగ్గర మోకాళ్ళమీద కూర్చుని పైపు విప్పుతున్నాడు. రాఫిద్ తల్లి కనక సందులో ఆవిణ్ణి ఉమ్ రాఫిద్ అనే పిలుస్తారు; భర్త దిగ్బంధం రోజుల్లో మందు దొరక్క పోయాడు. ఆవిడకి మిగిలింది ఈ ఒక్కడే, కాలేజీ చదువు మధ్యలో ఉన్నవాడు. నదిపక్క రోడ్డుమీద సైన్యం బళ్ళు వెళుతుంటే ఈతతోపులోంచి కాల్పులు వినబడ్డాయి. చెట్లమధ్య పొగ లేవడం నాజీ కళ్ళారా చూశాడు. మనుషులు మాత్రం కనపడలేదు. బళ్ళు ఆగాయి. మేడమీద ఇనపగొట్టం పట్టుకుని నిలబడ్డ కుర్రాడు కిందవాళ్ళకి కనబడ్డాడు. అంతే. తలుపులు పగిలాయి, తల్లి కేకలు సందంతా నిండాయి, రాఫిద్ తలకి సంచి తొడిగి ఎక్కించుకుపోయారు. అత్తమీది కోపం దుత్తమీద చూపడం ఏ దేశపు సైన్యానికైనా ఒకటే.

పెద్దలు కూడారు. సైన్యం గేటు దగ్గరికి వెళ్ళి, కుర్రాడు ట్యాంకు బాగుచేసుకుంటున్నాడని ఎవరో ఒకరు సాక్ష్యం చెప్పాలి.

"నేను చూశాను," అన్నాడు నాజీ.

హజ్జీ మహ్‌జూబ్ జపమాల తిప్పుతూ, "నువ్వు చూశావు బాబూ, కాదనడంలేదు. కానీ నీ మాట పెడితే ఉన్న కేసు కూడా పోతుంది. నేను వెళతాను," అన్నాడు.

"నువ్వు ఆ వేళకి నిద్రపోతున్నావు కదా హజ్జీ."

"అయితే ఏం? నా మాట చెల్లుతుంది."

అలా చూసినవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి చూడనివాణ్ణి సాక్ష్యానికి పంపారు మా సందు పెద్దలు. హజ్జీ ఇస్త్రీ చేసిన అంగీ తొడుక్కుని రెండుసార్లు వెళ్ళాడు. మొదటిసారి కుర్రాడు ట్యాంకు దగ్గరున్నాడన్నాడు, రెండోసారి నమాజులో ఉన్నాడన్నాడు. గేటు దగ్గర మాటలు తర్జుమా చేసే దుబాసీ రెండూ గుర్తుపెట్టుకుని, ఇక రావద్దని పొమ్మన్నాడు. హజ్జీ తిరిగొచ్చి తప్పంతా దుబాసీ మీదికి నెట్టాడు.

ఆగస్టు మొదట్లో తెల్లబండి ఒకటి వచ్చింది. ఏదో అంతర్జాతీయ సంఘమట, ఖైదీల తరఫున వివరాలు రాసుకుంటుందట. దాంట్లో పొట్టి జుట్టు విదేశీ ఆవిడ ఒకరూ, బెహ్నామ్ అని రిటైరైన ఇంగ్లీషు మాస్టారొకరూ. సందులో తలుపులు వరసగా మూసుకున్నాయి. ఐక్యరాజ్యసమితి నీలిజెండాకీ ఈ తెల్లబండికీ తేడా ఎవడికి కావాలి? ఒకే కొట్టులో రెండు తలుపులన్నాడు హజ్జీ.

ఆ మధ్యాహ్నం ఉమ్ రాఫిద్ నాజీ గడపలో నిలబడింది. పాతికేళ్ళ ఇరుగుపొరుగులో అదే మొదటిసారి.

"అన్నా, నువ్వు చూశావటగా."

"చూశాను."

"ఆవిడతో చెప్పు."

"నా మాట చెల్లదమ్మా. నీకు తెలీదా?"

"మనవాళ్ళ దగ్గర చెల్లదు. వాళ్ళకీ సంగతి తెలీదుగా!" అందావిడ. నాజీకి నవ్వొచ్చింది, ఆవిడకీ వచ్చినట్టే ఉంది కానీ కళ్ళనీళ్ళు దాన్ని మింగేశాయి. "దేవుడిమీద ఆన పెట్టి అడుగుతున్నా. నా కొడుకుని ఆ చెరలోంచి తెచ్చిపెట్టు. మా ఇంటి తలుపు నీకు జన్మంతా తెరిచే ఉంటుంది."

నాజీకి ఆ విదేశీ ఆవిడమీద నమ్మకం లేదు. ఇంత దూరంనుంచి పరాయివాళ్ళ బిడ్డలకోసం ఎవరూ ఊరికే రారని అతని లెక్క. అయినా వెళ్ళాడు. నిమ్మ టీ ముందుపెట్టి బెహ్నామ్ మాస్టారు ఒక్కొక్కటే అడిగాడు, నాజీ చెప్పాడు. పొగ ఎక్కడ లేచింది, కుర్రాడు ఎలా కూర్చున్నాడు, చేతిలో ఏముంది. పావురాల సంగతి అతనే ఎత్తాడు, దాచడం ఇష్టంలేక.

"మాస్టారూ, నేను ఎగరేసేవాణ్ణి. ఆవిడకి అదీ చెప్పండి."

మాస్టారు తలెత్తి చూశాడు. బాగ్దాద్‌వాడే కదా, అర్థమైంది. ఏం చెప్పాడో, ఎలా చెప్పాడో. ఆవిడ మాత్రం మొహం విప్పుకుని ఏదో అంది.

"పావురాలంటే తనకీ ఇష్టమట," అన్నాడు మాస్టారు, నవ్వకుండా. "ఇది సైన్యానికి అందజేయమంటావా, వద్దా అని అడుగుతోంది. నీ పేరు వాళ్ళకి తెలుస్తుంది, ఆలోచించుకో."

"ఇవ్వకపోతే కుర్రాడు ఎలా బయటికొస్తాడు?"

ఈసారి ఆలోచించుకుంటానని అనలేదు నాజీ.

ఆ నెలలోనే ఐక్యరాజ్యసమితి భవనం పేలిపోయింది. మేడమీంచి ఆ పొగ కూడా చూశాడు నాజీ, చాలా దూరంలో నల్లగా. చచ్చిపోయినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు, పరాయివాళ్ళూ ఉన్నారు. టీకొట్టులో ఆ సాయంత్రం కామిల్ కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకొకడెవడో మంచిపనైందన్నాడు. హజ్జీ ఇద్దర్నీ కసిరి, "మనల్ని చూడ్డానికొచ్చినవాళ్ళు మన గడ్డమీద చచ్చారు. రేపట్నుంచి మనల్ని ఎవడూ చూడ్డానికి రాడు," అన్నాడు. ఆయన నోట వచ్చిన ఒకే ఒక్క మంచిమాట అదేనేమో. వారం తిరక్కుండా తెల్లబండి కూడా అన్నీ సర్దుకుని దేశం దాటింది. నాజీ సాక్ష్యం ఏ పెట్టెలో పోయిందో తెలీదు. ఉమ్ రాఫిద్ గోడకి తల ఆన్చి ఏడవడం పక్కింట్లోంచి వినబడుతుంటే, మంచిచెవి అటువైపు లేకుండా తిరిగి పడుకునేవాడు.

సెప్టెంబరు చివర్లో సైన్యం బండి నేరుగా నాజీ ఇంటి ముందే ఆగింది. కెప్టెన్ ఒకడు, మొహానికి గుడ్డ కట్టుకున్న దుబాసీ ఒకడు. ఈసారి తలుపు పగలగొట్టలేదు, తట్టారు. ఆ తట్టడమే నాజీ కొంప ముంచింది. పగలగొట్టి ఉంటే సందులో అతని పరువు నిలిచేది.

మేడమీదికి వెళ్ళారు. తెల్లబండి ఆవిడ పోతూ పోతూ అతని సాక్ష్యం వాళ్ళకి అందజేసే పోయిందన్నమాట. చెప్పిందే మళ్ళీ చెప్పమన్నారు, చెప్పాడు. కెప్టెన్ పక్కమేడమీది ట్యాంకు చూశాడు, తర్వాత నదివైపు చూశాడు.

"పొగ ఎక్కడ లేచింది, చూపించు," అన్నాడు దుబాసీ.

నాజీ చెయ్యెత్తి ఈతతోపు చూపించాడు.

"కాల్చిందెవరు?"

"మనుషులు కనపడలేదు."

"మేడమీంచి అన్నీ చూస్తావటగా నువ్వు?"

"చూసిందే చెబుతాను. చూడనిది చెప్పడానికి నేను హజ్జీని కాదు."

దుబాసీ ఆ చివరిమాట తర్జుమా చేయలేదు. కిందికి దిగి వెళ్ళిపోతూ కెప్టెన్ గడప ముందు నాజీకి చెయ్యి అందించాడు. సందులో ప్రతి కిటికీ రెక్కా వేలెడంత తెరిచి ఉంది. నాజీ ఏం చేస్తాడు? ఇవ్వకపోతే కుర్రాడికేమవుతుందోనని చెయ్యి కలిపాడు.

పది రోజుల్లో రాఫిద్ ఇంటికొచ్చాడు. బుగ్గలు పీక్కుపోయి, జుట్టు కత్తిరించేసి, ఎవరు తలుపు తట్టినా లేచి నిలబడే మనిషిగా వచ్చాడు. సందు ఆడవాళ్ళు కేరింతలు కొట్టారు, మిఠాయిలు విసిరారు. ఉమ్ రాఫిద్ పెద్దపళ్ళెంనిండా ఆకుల్లో అన్నం చుట్టి వండిన డోల్మా పెట్టి, పైన గుడ్డకప్పి స్వయంగా నాజీకి తెచ్చిచ్చింది. గుండెమీద చెయ్యి వేసుకుని తల వంచింది. యాభై ఏళ్ళ బతుకులో నాజీ మాట చెల్లింది ఇదే మొదలు. ఆ పూట నాజీ ఆనందం పట్టలేక పావురాలన్నిటినీ ఒకేసారి వదిలి, గొంతు పోయేదాకా ఈలలు వేశాడు.

ఆ ఆనందం వారం నిలిచింది. ఈతతోపు పక్క గుడిసెలో ఉండే మురాద్ అనే జాలరిని సైన్యం పట్టుకుపోయింది. అతనికి ముగ్గురు పిల్లలు.

హజ్జీ టీకొట్టులో గొంతు తగ్గించే పని పెట్టుకోలేదు. "పావురాలవాడి సాక్ష్యం ఖలీఫాల కాలంనుంచీ ఎవడూ తీసుకోలేదు. నాలాంటివాణ్ణి గేటు దగ్గర్నుంచే తరిమి, వాడి ఇంటికి వచ్చి, తలుపు తట్టి, చేతిలో చెయ్యివేసి మరీ తీసుకున్నారే, ఊరికే తీసుకున్నారా? ఒకడు బయటికొచ్చాడంటే ఇంకొకడు లోపలికెళ్ళాలి. ఆ లెక్క చిన్నపిల్లాడికీ తెలుసు."

"మరి ఆ కుర్రాడు నిర్దోషి కదా హజ్జీ?" అన్నాడు కామిల్ నీరసంగా.

"నిర్దోషులు వేలమంది ఉన్నారు లోపల. వాళ్ళకెవరికీ పక్కింట్లో పావురాలు లేవా?"

మూలబల్ల దగ్గర నాజీ గ్లాసు దింపి, "నేనెవరి పేరూ చెప్పలేదు, ఖురాన్ మీద ఒట్టు," అన్నాడు. అనకుండా ఉండాల్సింది. ఒట్టు అన్న మాట వినగానే కొట్టంతా ఘొల్లుమంది. పావురాలవాడి ఒట్టు!

ఇంటికొచ్చి అలాగే కూర్చుండిపోయాడు. నవ్వినందుకు కాదు అతని బాధ. తాను చూపించిన వేలు ఈతతోపు వైపే వెళ్ళింది. పేరు చెప్పలేదు, నిజమే. గుడిసె అక్కడుందని తెలుసు, అదీ నిజమే. పొగ లేచిన చోటు చూపించకుండా కుర్రాణ్ణి విడిపించే దారి ఉందా? ఎంత వెతికినా దొరకలేదు. అసలు వాళ్ళు తన మాట నమ్మారా, లేక ఎవణ్ణి పట్టుకోవాలో ముందే అనుకుని తన వేలు వాడుకున్నారా? జీవితంలో మొదటిసారి నాజీకి తన సాక్ష్యంమీద తనకే అనుమానం వచ్చింది.

మర్నాడు ఉమ్ రాఫిద్ వచ్చింది. గడప దాటలేదు.

"అన్నా, కోపగించుకోకు. ఒక్కమాట అడుగుతా. నువ్వు నిజమే చెప్పావని నాకు తెలుసు."

"చెప్పాను."

"మరి వాళ్ళెందుకు నమ్మారు?"

నన్ను నేనూ అదే అడుగుతున్నానమ్మా అనాలనిపించింది నాజీకి, కానీ ఆ మాట ఈ గడపలో అంటే ఇంకేమీ మిగలదు. ఆవిడ పైటచెంగులాగా నల్లటి అబాయా మొహంమీదికి లాక్కుని వెళ్ళిపోయింది. తలుపు వేసుకున్న చప్పుడు మంచిచెవికే వినబడింది.

శుక్రవారం ప్రార్థన అయ్యాక రాఫిద్ పక్కమేడమీదికి ఇటుకలూ, తొట్టిలో సున్నపుముద్దా చేర్చాడు. రెండిళ్ళకీ మధ్యనున్న పిట్టగోడ నడుమెత్తే ఉంటుంది. దాన్ని మనిషెత్తు చేస్తున్నాడు. నాజీ గూళ్ళ దగ్గర గింజలు చల్లుతూ చూస్తున్నాడు. కుర్రాడు ఇటువైపు తలెత్తలేదు. జైల్లో చేతులకేమైందో, ఒక్కో ఇటుకా రెండు చేతులతో ఎత్తుతున్నాడు. వరస వరసకీ అతని తల కొంచెంకొంచెం కనపడకుండా పోతోంది.

చివరి వరస దగ్గర ఆగాడు. తనవైపునుంచి చూస్తే ఎండ కళ్ళలో పడి గోడ వాలు తెలియడంలేదు కాబోలు. కాసేపు తటపటాయించి, మొహం కనపడకుండానే పిలిచాడు.

"నాజీ మామా, అటువైపునుంచి చూసి చెప్పు. నిటారుగా ఉందా?"

నాజీ నాలుగడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసి, ఫిట్టరు చూసినట్టు గోడని పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఉంది బాబూ. తిన్నగా ఉంది."

గోడమీంచి, తాపీవాళ్ళు నిటారు సరిచూసుకునే, దారానికి కట్టిన రాయి ఒకటి మెల్లగా నాజీ వైపు దిగి, ఇటుకల్ని ఆనుకుని అటూ ఇటూ ఊగి నిలబడింది.